కరెంటుందా, పెట్రోలుందా?

మే నెల మిట్టమధ్యాహ్నం నరసరావుపేట దాటి వినుకొండ వైపు పోతున్న పాత అంబాసిడర్ కారు ఉన్నట్టుండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయిందనుకుందాం. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది కానీ అంటుకోదు. చెట్టు నీడన అరగంట నిలిపితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. ఐదారు మైళ్ళు పోయాక మళ్ళీ అదే కథ.

పైకి కనిపించే లక్షణం ఒకటే. లోపల రోగం మూడింటిలో ఏదైనా కావచ్చు. ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. పల్నాడు ఎండకు పైపులోని పెట్రోలు ఆవిరైతే, పంపు ఆ ఆవిరినే తోస్తూ ఉంటుంది, కార్బొరేటరుకు చుక్క చేరదు. కాదంటే, మెకానిక్కులు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటరులో చిటికెన వేలంత కండెన్సరు వేడికి పనిమానేసి, చల్లబడ్డాక తేరుకుంటూ ఉండొచ్చు. అదీ కాకపోతే ట్యాంకు మూతకుండే సన్నని గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, పంపు ఎంత లాగినా ఏమీ రాదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పి చూస్తే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది. ఆ రోగానికి మందు ఒక గుండుసూది. ఇది తెలియనివాడు పంపు మారుస్తాడు, కాయిలు మారుస్తాడు, కార్బొరేటరు విప్పుతాడు. కారు మాత్రం వినుకొండ చేరేలోపు మళ్ళీ ఆగుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో ఇలాంటి తేడాలు పట్టే నేర్పు తరాలుగా ఒక వృత్తిగా బతికింది. దాని చరిత్ర కాగితం మీదికి ఎక్కింది తక్కువే. జమీందార్ల కార్ల ఫోటోలు దాచుకున్నవాళ్ళున్నారు, ఆ కార్లను నడిచేలా ఉంచిన మేస్త్రీల పని పద్ధతిని రాసి పెట్టినవాళ్ళు అరుదు.

ఈ విద్య కార్లతో మొదలు కాలేదు. నల్లరేగడిలో పండిన పత్తి కాకినాడ రేవు మీదుగా ఎగుమతయ్యే రోజుల్లో దాన్ని వ్యాపారులు కోకనాడా పత్తి అనేవారు. గింజ తీసే జిన్నింగు మిల్లులు, బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు వచ్చాక వాటిని తిప్పడానికి ఆయిలింజన్లు వచ్చాయి. ఒకే ఇంజను, దానికి పొడవాటి షాఫ్టు, షాఫ్టు నుంచి ఒక్కో యంత్రానికీ ఒక్కో బెల్టు. ఇంజను ఆగితే మిల్లు మొత్తం ఆగుతుంది. పాతరకం ఇంజన్లను స్టార్టు చేయాలంటే ముందు బ్లోల్యాంపుతో దాని తలను ఎర్రగా కాల్చాలి. ఆ తర్వాత రోజంతా ఇంజను డ్రైవరుకు పని చెవితోనే. పొగగొట్టం నుంచి వచ్చే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం మారిందంటే లోడు పెరిగిందో, నూనె సరిగ్గా పడటం లేదో అతనికి తెలియాలి. మోటారు బండ్లు ఈ జిల్లాలకు వచ్చేనాటికి, ఇంజను శబ్దాన్ని విని అర్థం చేసుకోగలిగిన మనుషులు మిల్లుల్లో అప్పటికే ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ నేర్పుకు గట్టి పరీక్ష పెట్టింది. పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సుల వెనక ఇనప డ్రమ్ములు వేలాడాయి. అందులో బొగ్గులు కాల్చి, గాలి తక్కువగా పంపి, వచ్చిన గ్యాసుతో ఇంజను నడిపేవారు. మదురై టీవీఎస్ సంస్థ తయారుచేసిన గ్యాసు ప్లాంట్లు దక్షిణాదిలో పేరు తెచ్చుకున్నాయి. మన పెద్దలు వాటిని బొగ్గు బస్సులనేవారు. బండి కదలడానికి చాలా ముందే క్లీనరు వచ్చి పంకా చక్రం తిప్పుతూ నిప్పు రాజేసేవాడు. ఆ గ్యాసులో మండే భాగం కార్బన్ మోనాక్సైడు, కొంత హైడ్రోజను. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నత్రజని, అది మండదు. అందుకే ఇంజను బలం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోయేది. ఎత్తు వస్తే జనం దిగి నెట్టేవారు. నేల చదునుగా ఉండటం ఒక్కటే ఈ జిల్లాలకు కలిసొచ్చిన సంగతి.

మెకానిక్కుకు మాత్రం ఆ రోజులు పెద్ద పాఠశాల. గ్యాసు నెమ్మదిగా మండుతుంది కాబట్టి నిప్పురవ్వ మామూలు కంటే ముందే పడేలా టైమింగు మార్చాలి. ఎంత ముందన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు, బండి నడిపి చూసి, ఇంజను తన్నకుండా లాగే చోట ఆపాలి. వడపోత సరిగ్గా లేకపోతే తారు, బూడిద లోపలికి పోయి వాల్వులు అతుక్కునేవి. బలం తగ్గడానికి కారణం బొగ్గులో తడా, పైపులో గాలి దూరడమా, వాల్వు పట్టేయడమా? విప్పకముందే తేల్చుకోవాలి. ఎందుకంటే విప్పితే ఆ రోజు ట్రిప్పు పోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇబ్బంది రూపం మారింది. బొంబాయిలో కార్లు, లారీలు బిగించిన జనరల్ మోటార్స్, ఫోర్డు కంపెనీలు, ఇక్కడే పూర్తిగా తయారు చేయాలన్న ప్రభుత్వ విధానం వల్ల 1954 నాటికి తప్పుకున్నాయి. రోడ్ల మీద మిగిలిన షెవర్లేలకూ ఫోర్డులకూ కొత్త విడిభాగాల దారి మూసుకుపోయింది. గుంటూరులో మేస్త్రీకి ఒక రింగు సెట్టు కావాలంటే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు మనిషిని పంపాలి. అనుమానం తీర్చుకోవడానికి ఒకటి కొని బిగించి చూసే వీలు లేదు. ఏది పాడైందో నిశ్చయంగా తెలిశాకే డబ్బు కట్టాలి. చేతిలో విడిభాగం లేని చోటే రోగం పట్టడమన్నది అసలైన విద్యగా ఎదుగుతుంది. ఈ మైదానంలో జరిగింది అదే.

మెల్లగా దేశంలోనే భాగాలు తయారవడం మొదలైంది. మద్రాసులో ఇండియా పిస్టన్స్ 1949లో, బెంగళూరులో ప్లగ్గులూ డీజిలు పంపులూ చేసే మైకో 1951లో, మళ్ళీ మద్రాసులోనే లూకాస్ టీవీఎస్ 1961లో వచ్చాయి. కార్లూ అప్పుడే పెరిగాయి. 1954 జులైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలై 1956 దాకా నడిచింది. వర్జీనియా పొగాకు డబ్బు అప్పటికే ఊళ్ళోకి వస్తోంది. లాయర్లు, డాక్టర్లు, కమీషను వ్యాపారుల ఇళ్ళ ముందు కార్లు నిలబడసాగాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీస్ నుంచి పుట్టిన అంబాసిడర్, బొంబాయి ఫియట్ 1100, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. కొన్ని దశాబ్దాల పాటు మెకానిక్కు నేర్వాల్సిన ఇంజన్లు దాదాపు ఈ మూడే. ఒకే 1489 సీసీ అంబాసిడర్ ఇంజనును ఏళ్ళ తరబడి విప్పి బిగిస్తే దాని గుణాలన్నీ చేతికి వచ్చేస్తాయి.

ఆ కాలపు మేస్త్రీ పని ఎలా సాగేదో చూడాలి. బండి రాగానే పానా తీయడు. 'స్టార్టు చెయ్యి బాబాయ్, రేసివ్వకు' అని డ్రైవరుకు చెప్పి, వెనక్కి పోయి సైలెన్సరు దగ్గర నిలబడతాడు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. నీలిపొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, హెడ్డు గాస్కెట్టు పోయినట్టే. నీలిపొగలోనూ తేడా ఉంది. రేసిచ్చినప్పుడు వస్తే పిస్టను రింగులు అరిగాయని, యాక్సిలరేటరు వదిలి మళ్ళీ తొక్కినప్పుడు గుప్పుమంటే వాల్వు గైడ్లు వదులయ్యాయని.

ఇంజను అసలు అంటుకోకపోతే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా? ప్లగ్గు వైరు ఊడదీసి, ఇంజను ఇనుముకు కాస్త ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టిస్తాడు. నీలంగా, లావుగా, టప్పుమని నిప్పురవ్వ దూకితే కరెంటు వైపు తప్పు లేదు. పసుపుపచ్చగా సన్నగా వస్తే పాయింట్లో, కండెన్సరో. పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. ఫీలరు గేజి లేనిచోట సిగరెట్టు పెట్టె అట్టముక్కతో సర్దినవాళ్ళున్నారు. కరెంటు బాగుంటే కార్బొరేటరు పైపు విప్పి మళ్ళీ తిప్పిస్తాడు. పెట్రోలు దెబ్బదెబ్బకూ చిమ్మాలి. రెండూ ఉన్నా బండి అంటుకోలేదంటే అప్పుడు ఒత్తిడి సంగతి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజను తిప్పితే వేలు ఎగిరిపడాలి. బలహీనంగా ఉన్న సిలిండరులో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి మళ్ళీ చూస్తాడు. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఐదు నిమిషాల పరీక్ష. దాంతో హెడ్డు దింపితే సరిపోతుందా, ఇంజను మొత్తం దింపాలా అన్నది తేలిపోతుంది. యజమానికి ఆ రెంటి మధ్య ఖర్చులో చాలా తేడా ఉంటుంది. నమ్మకమైన మేస్త్రీకి ఊళ్ళో మర్యాద వచ్చింది ఇక్కడే.

శబ్దం మరో లోకం. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి వింటారు. పైన టిక్కుటిక్కుమంటే ట్యాపెట్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని, వేడెక్కాక తగ్గితే పిస్టను బోరులో వదులైంది. లోడు మీద కింది నుంచి గట్టిగా కొడుతుంటే బిగ్ ఎండ్ బేరింగు. అది ఏ సిలిండరుదో తెలియడానికి ఒక్కో ప్లగ్గు వైరూ తప్పిస్తారు. ఏది తప్పించినప్పుడు చప్పుడు తగ్గిందో దాని కింది బేరింగే దోషి.

బేరింగులు, బోర్లు ఇక్కడ త్వరగా అరగడానికి కారణం నేలే. నల్లరేగడి దుమ్ము మెత్తగా ఉంటుంది, ఎండాకాలం బండి వెనక బండి పోతే రోడ్డు కనపడదు. గాలి వడపోత గిన్నెలో నూనె మార్చకపోతే ఆ దుమ్మంతా సిలిండర్లలోకే. ఆయిలు వందల మైళ్ళకొకసారి పోస్తుంటే బోరుకు వచ్చిందంటారు. లేతు షెడ్డులో సిలిండరు కోసి, పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. ఇక కోయడానికి ఇనుము మిగలనప్పుడు స్లీవులు దించుతారు. ఒకే బ్లాకు ఇలా రెండు మూడు జన్మలు ఎత్తుతుంది.

బస్సుల సంగతి వేరే దారి పట్టింది. ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను తీసుకునే పథకాన్ని ప్రైవేటు యజమానులు సవాలు చేస్తే, గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు దాన్ని మొదట కొట్టేసింది. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం తీసుకున్నది ఇంకొకరు, అది న్యాయం కాదంది. దేశమంతా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. జాతీయీకరణ మాత్రం ఆగలేదు, గుంటూరు జిల్లాకూ వచ్చింది. బస్సుల మీద చేయి తిరిగిన మేస్త్రీలకు లారీలు దొరికాయి. జంషెడ్‌పూర్‌లో 1954 నుంచి తయారైన టాటా మెర్సిడెస్ లారీలు వచ్చాక చెవికి కొత్త చదువు. డీజిలుకు ప్లగ్గుండదు, నిప్పురవ్వ ఉండదు. పని చేయని సిలిండరును పట్టాలంటే ఇంజెక్టరు పైపు నట్లను ఒక్కొక్కటే కాస్త వదులు చేయాలి. ఏది వదిలినప్పుడు ఇంజను నడక మారదో అదే చచ్చిన సిలిండరు.

మిర్చి సీజనులో ఈ పనికి గడియారం తోడయ్యేది. ఫిబ్రవరి నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. అమ్మిన సరుకు ఆగకుండా దూరాలకు పోవాలి. చిలకలూరిపేట దగ్గరో మార్టూరు దగ్గరో మద్రాసు రోడ్డు మీద లారీ ఆగితే, కబురందుకున్న మేస్త్రీ ఏ సామాను తీసుకెళ్ళాలో డ్రైవరు మాటల్ని బట్టే నిర్ణయించుకోవాలి. 'ఒక్కసారిగా ఆగిందా, లాగలేక లాగలేక ఆగిందా?' అన్నది అడిగే మొదటి మాట. ఒక్కసారిగా అయితే ఒకటి, మెల్లగా అయితే మరొకటి. డీజిలు పైపులో గాలి చేరిన బండి, వడపోత పూడిన బండి ఒకేలా చావవు.

1960ల్లో విజయవాడలో ఆటోనగర్ రావడంతో ఈ నేర్పంతా ఒకచోట గుమికూడింది. గుంటూరుకూ తన ఆటోనగర్ ఉంది. బోరు ఒకరు, క్రాంకు గ్రైండింగు ఒకరు, రేడియేటరు ఒకరు, పంపు ఒకరు అని పని ముక్కలైంది. నాణ్యత పెరిగిన మాట నిజమే. ఇంజను మొత్తాన్ని ఒకే మనిషి విని తేల్చే అవసరం మాత్రం అప్పటి నుంచే తగ్గింది. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది, తర్వాతి దశాబ్దాల్లో కార్బొరేటరు పోయి కంప్యూటరు వచ్చింది. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. ఇప్పటి కుర్రాడు స్కానరు తగిలిస్తే తప్పు నంబరు తెర మీద కనిపిస్తుంది. అతన్ని తప్పుపట్టనక్కర్లేదు, అతని ముందున్న బండి అలాంటిది. పాత బండికి మాత్రం ఆ తీగ తగిలించే చోటే ఉండదు.

ఆ పాత బండికి ఇప్పుడు విలువ పెరుగుతోంది. యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. నంబరు ప్లేటులో వీఏ అన్న అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. తాతల నాటి కారును షెడ్డులోంచి బయటికి తీయాలనుకునే కుటుంబాలకు దారి ఏర్పడింది. తీశాక ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలన్నదే చిక్కు. పాయింట్లు సర్దగలిగినవాళ్ళు వయసు మీద పడినవాళ్ళు, వాళ్ళ దగ్గర కిరసనాయిలుతో భాగాలు కడుగుతూ పని నేర్చే పిల్లలు లేరు. ఐటీఐలు వారానికి ఒక పూట అలాంటి మేస్త్రీని పిలిపించి, ఒక పాత ఇంజనును బల్ల మీద పెట్టి, కావాలనే తప్పు చేసి పట్టమంటే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పైగా పాత కారుకు కొత్త జబ్బులు వస్తున్నాయి. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చాక పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరిగి, ట్యాపెట్ల ఎడం తగ్గిపోవడం మొదలైంది. 2023 నుంచి ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు బంకుల్లోకి వస్తోంది. ఇథనాలు గాలిలోని తడిని పీలుస్తుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. పంపులోని డయాఫ్రం ఉబ్బి చిట్లితే పెట్రోలు ఇంజనాయిల్లోకి దిగుతుంది. కర్ర తీసి చూస్తే ఆయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, వాసన చూస్తే పెట్రోలు. యజమాని ఆయిలు తక్కువ తాగుతోందని సంతోషిస్తుండగా బేరింగులు అరిగిపోతుంటాయి. అందుకే గుంటూరులో ఇంకా అంబాసిడర్ ముట్టుకునే మేస్త్రీలు బండి రాగానే ఇప్పుడు మొదట ఆయిలు కర్ర తీసి, వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నారు. అనుమానం వస్తే పంపు విప్పి ఇథనాలు తట్టుకునే కొత్త డయాఫ్రం వేసి, ఆయిలు మార్చి, అప్పుడే స్టార్టు చేయమంటున్నారు.