నాగార్జునకొండ: లోయ మునిగి దీవి మిగిలిన చోటు

నాగార్జునకొండ దీవిగా మారి అరవై ఏళ్లు అవుతోంది, అంతే. అంతకు ముందు అది పల్నాట కృష్ణ ఒడ్డున ఉన్న మామూలు కొండ. మూడు వైపులా నల్లమల కొండల పాయలు, నాలుగో వైపు నది, మధ్యలో సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ. నాగార్జునసాగర్ జలాశయం నిండాక లోయ మునిగింది. కొండ నెత్తి మాత్రం, సుమారు 144 హెక్టార్లు, నీటి పైన మిగిలింది. అక్కడ ఇప్పుడు కాపురాలు లేవు. పొద్దున లాంచీల్లో జనం వస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు.

డెల్టాలో ఉన్న మనకు ఆ దీవి దూరపు సంగతి కాదు. నాట్ల రోజుల్లో అమృతలూరులో పేపరు తీస్తే కళ్లు ముందు సాగర్, పులిచింతల మట్టాల మీదకే పోతాయి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. మన రైతు దేవుణ్ని ఏ నీటి కోసం మొక్కుకుంటాడో ఆ నీటి అడుగునే ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది.

మనిషి ఆ లోయను ఎంచుకున్నది ఇక్ష్వాకుల కంటే ఎంతో ముందు. తవ్వకాల్లో పాతరాతియుగపు పనిముట్లు, కొత్తరాతియుగపు ఇళ్ల ఆనవాళ్లు, సమాధులు, ఆ తర్వాతి కాలపు పెద్ద రాతి సమాధులు బయటపడ్డాయి. నీళ్లు, మేత, కొండల కాపు మూడూ ఒక్కచోట దొరికే నేల అది. శాతవాహనుల బలం తగ్గాక, మూడో శతాబ్దంలో, వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అక్కడ నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు పాలించారు. వంద ఏళ్లకు కాస్త అటూ ఇటుగా సాగిన పాలన.

ఆ వందేళ్లలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అక్కడి ఆడవాళ్ల పాత్ర. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి మాత్రం బౌద్ధుల మహాచైత్యానికి పెద్ద దాత. ఆ చైత్యం అడ్డకొలత 106 అడుగులు. లోపల బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు నిలిపారు. ఆ స్తంభాల మీద దాతల పేర్లు చదువుతుంటే రాజకుటుంబపు స్త్రీలే వరసగా కనిపిస్తారు. బోధిసిరి అనే ఉపాసిక రాణి కాదు. కానీ ఆమె వేయించిన శాసనం మరీ విలువైనది. కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, తామ్రపర్ణి దేశాల వారిని ధర్మంలోకి తెచ్చిన సింహళ ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఒక పల్నాటి లోయలో కూర్చుని అంత లోకాన్ని పేరుపేరునా తలుచుకున్న మనిషి ఆమె. అదే లోయలో అష్టభుజస్వామికి, కార్తికేయుడికి గుళ్లు కూడా ఉన్నాయి. బౌద్ధ ఆరామాలైతే ముప్ఫైకి పైనే.

ఇక్ష్వాకుల తర్వాత ఊరు చితికింది. మధ్యయుగంలో కొండ మీద రెడ్డిరాజుల కోట వెలిసింది, అది గజపతుల చేతికి పోయింది. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడుతో పాటు దాన్నీ పట్టాడు. తర్వాత లోయ మళ్లీ అడివి అయింది. లంబాడీలు, చెంచులు, పుల్లారెడ్డిగూడెం అనే చిన్న పల్లె వాళ్లు మిగిలారు.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడి రాతి స్తంభాలు చూసి కబురు పెట్టాడు. శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించాడు. మహాచైత్యంలో దొరికిన చిన్న ఎముక ధాతువును తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి అందజేశారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ పని కొనసాగించాడు.

సాగర్ ఆనకట్ట కట్టాలని నిర్ణయించాక 1954 నుంచి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఆ పని గడువుతో పోటీపడింది. 1960 దాకా సాగింది. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కింద మునిగే గుళ్ల కోసం యునెస్కో ప్రపంచాన్ని పిలిచింది ఆ ఏడే. అబూ సింబెల్ గుళ్లను కోసి పైకి చేర్చడం అంతకన్నా తర్వాతి మాట. మనవాళ్లు ఆ పాటికే ఈ లోయలో పని మొదలుపెట్టారని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ.

ఈ పని విలువ తెలియాలంటే మన దగ్గరి భట్టిప్రోలు సంగతి చూడాలి. తెనాలి రేపల్లె దారిలో ఉన్న ఆ మహాస్తూపం నాగార్జునకొండ కంటే శతాబ్దాలు పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో డెల్టా కాలవలు తవ్వేటప్పుడు స్తూపపు పాలరాయి వెల్లటూరు దగ్గరి కాలవ కట్టడానికి, ఇటుకలు రోడ్డుకు పోయాయి. 1892లో అలెగ్జాండర్ రే వచ్చేసరికి మిగిలిన దిబ్బలోనే బ్రాహ్మీ రాతలున్న ధాతు కరండాలు దొరికాయి. ఒకే నది, ఒకే సేద్యపు అవసరం. అప్పుడు స్తూపాన్ని విప్పి కాలవకు కట్టారు, ఈసారి జలాశయం కోసం లోయను ఇచ్చి రాళ్లను కాపాడారు.

అయినా పోయింది చిన్నది కాదు. మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం వంటి కొన్ని కట్టడాలను కొండ మీద తిరిగి నిలబెట్టారు. మెట్ల వరసలతో ఉన్న రంగస్థలాన్ని, మరికొన్నిటిని తూర్పు ఒడ్డున అనుపుకు చేర్చారు. రాళ్లు వచ్చాయి, వాటి చోటు రాలేదు. నదికి దిగే స్నానఘట్టం ఇప్పుడు కొండ నెత్తిన ఉంది. కోట పక్కన ఆరామాలు, వాటి పక్కన పెద్ద రాతి సమాధి. వందల ఏళ్ల ఎడం ఉన్నవన్నీ నడక దూరంలో ఒకచోట చేరాయి. పుల్లారెడ్డిగూడెం వాళ్లకు ఆ పునర్నిర్మాణమూ దక్కలేదు. వాళ్ల ఊరు నీళ్లకిందే ఉంది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీరు వదిలారు. అంతకు ఏడాది ముందే, 1966లో, దీవి మీద విహారపు ఆకారంలో కట్టిన మ్యూజియం తెరిచారు. అందులో పల్నాటి సున్నపురాతి శిల్పాల ముందు అందరూ ఆగుతారు. మునిగిన లోయ నమూనా ఉన్న గది దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆ నమూనాలో నది ఎటు, రాజప్రాసాదం ఎటు, ఆరామాలు ఏ కొండ మొదట ఉన్నాయో అర్థమవుతుంది. ముందు అది చూసి, తర్వాత బయటి కట్టడాల దగ్గరికి నడవండి. స్నానఘట్టం ముందు నిలబడినప్పుడు అది దిగాల్సిన నది ఏ దిక్కున ఉండేదో మీకే తెలుస్తుంది.