కన్ను తెరచిన పటం



పాఠశాలలో మాకు విశాఖదత్తుని ముద్రారాక్షసం పాఠ్యగ్రంథం. అందులో ప్రథమాంకంలో చాణక్యుని చారుడొకడు యమపటం చేతబూని, ఇంటింట దానిని చూపి పాడుతూ కుసుమపురంలో సంచరిస్తాడు. బాణభట్టు హర్షచరితంలోనూ అటువంటి పటధారి అంగడివీథిలో బాలుర నడుమ కనబడతాడు. గురువుగారు “అదొక చిత్రపటం” అని ముందుకు సాగారు. మేమూ అంతటితో తృప్తిపడి శ్లోకాన్ని ముక్కున పట్టాము. అటువంటి పటాలు మన తెలుగునాటనే ఉన్నవని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా గ్రామ్యమని ఉపేక్షించి ఉండేవాడినేమో!

ఎన్నో ఏండ్ల తరువాత, నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలకు వెళ్లినప్పుడు నకాషీ చిత్రకారుల ఇంట దానిని చూశాను. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలపై బొమ్మలు వ్రాస్తారు. వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు నలుబది అడుగులు దాటేవీ ఉండేవట. పద్మశాలీలకు కూనపులివారు భావనాఋషి కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని ఇటువంటి పటాలు విప్పి గానం చేస్తారు. భావనాఋషి పటంలో మార్కండేయుడున్నాడు, పాశం పట్టిన యముడున్నాడు. నా యమపటానికి దగ్గరి చుట్టమే!

“ఈ భావనాఋషి వృత్తాంతం నేను చదివిన మార్కండేయపురాణంలో లేదే?” అన్నాను. అక్కడి వృద్ధుడు నవ్వి, “మీ పుస్తకంల లేకుంటేమాయె అయ్యగారూ, మా పటంల ఉన్నది” అన్నాడు. ఇంత చదువు చదివీ నాకు బదులు దొరకలేదు.

అంతకంటె విస్మయం కలిగించినది మరొకటి. దేవతామూర్తి కన్నులు చివరివరకు వ్రాయరు. పటమంతా పూర్తియైన పిదప, పూజచేసి కన్ను దిద్దుతారు. అప్పటినుండి అది గుడ్డ కాదు, దైవం. ఆగమంలో మేము నయనోన్మీలనమని చెప్పే సంస్కారం ఇదే కదా! పటం జీర్ణమైతే శాస్త్రోక్తంగా జీర్ణబింబాన్ని విడిచినట్లే, పూజించి నదిలో విడుస్తారు. “పాతది చూపండి” అంటే, “తాతలనాటిది గంగల కలిసింది” అన్నారు.

ఇందువలననే ప్రాచీన పటాలు అరుదు. 2025లో పరమపదించిన జగదీశ్ మిత్తల్ గారు దశాబ్దాలపాటు వీటిని సేకరించి పరిశీలించారు. 1976లో హైదరాబాదులో వారు నెలకొల్పిన సంగ్రహాలయంలో క్రీ.శ. 1625 నాటి పటం ఉన్నది. దానిలోనూ భావనాఋషి, మార్కండేయుల కథయే! ధర్మం ప్రకారం ఎన్నడో నీట కలియవలసినది. ఎవరో విడువలేక దాచుకొన్నారు. ఆ విడువలేనితనాన్ని దోషమనడానికి నాకు నోరు రాదు.

నేడు చేర్యాలలో గోడకు తగిలించుకొనే చిన్న బొమ్మలే ఎక్కువగా వ్రాస్తున్నారు. పటం విప్పి పాడే గొంతులు తరిగిపోయాయి. నేను వెళ్లిననాడు మాత్రం ఒక పెద్ద గుడ్డపై యముడు పాశం ఎత్తి ఉన్నాడు. శివునికి ఇంకా కన్నులు దిద్దలేదు.