గీత సున్నాకి ఎందుకు రాలేదు?

కుర్చీ ముందుకు జరుపుకోండి. మోచేతులు బల్లకు తగలనివ్వకండి. గాలి మీద తేలే బల్ల ఇది. కాస్త అదిరినా పనంతా పోతుంది. గదిలోని కరెంటు రొద లోపలికి రాకుండా చుట్టూ లోహపు జాలీ ఉంది.

మైక్రోస్కోప్‌లోకి చూడండి. అడుగున కణాలు పరుచుకుని ఉన్నాయి. హెచ్‌ఈకే 293 అంటారు వీటిని. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మనిషి పిండపు మూత్రపిండ కణాల నుంచి తీసిన వంశం. కొన్ని మాత్రం ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. మొన్న మీరు పంపిన డీఎన్‌ఏ అందుకున్నవి అవే.

అవి మనిషి గుండెలో ఉండే సోడియం ఛానల్‌ను తయారుచేసి తమ పొరలో నిలుపుకున్నాయి. పెద్ద భాగం ఆల్ఫా: దాదాపు 2,000 అమైనో ఆమ్లాల గొలుసు. సోడియం దూరే రంధ్రం దీనిలోనే ఉంది. పక్కన చిన్న తోడు బీటా-1. ఆల్ఫా పనితీరును అది సర్దుతుంది.

కానీ మీరు పంపిన ఆల్ఫాలో మూడు అమైనో ఆమ్లాలు లేవు. లైసిన్, ప్రోలిన్, గ్లూటమిన్. ఉన్నట్టుండి గుండె లయ తప్పే కుటుంబాల్లో ఈ లోపం ఉందని 1995లో తేలింది. ఆ మూడూ పోతే ఏమవుతుందో ఇప్పుడు మీరే చూడబోతున్నారు.

ఒక పచ్చటి కణాన్ని ఎంచుకోండి. మరీ మెరిసేది వద్దు, దానిలో ఛానళ్లు ఎక్కువ ఉండవచ్చు. కరెంటు పట్టలేనంత పెద్దదైతే కొలత తప్పుతుంది. గాజు పిపెట్‌ను దించండి. దాని మొన వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. పొర మీద చిన్న సొట్ట కనిపిస్తోందా? ఆగండి.

పిపెట్‌కు తగిలించిన రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చండి. కొబ్బరి బొండంలో స్ట్రా వేసి పీల్చినంత కూడా అక్కర్లేదు. తెర మీది అంకె చూడండి. 2 మెగాఓమ్‌లు. 40. 300. గిగాఓమ్ దాటింది. పొర గాజుకు అతుక్కుంది. జర్మనీలోని గాటింగెన్‌లో నేహర్, సాక్మన్ రూపొందించిన పద్ధతి ఇది; 1991లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

మరొక్క పీల్పు, ఈసారి గట్టిగా. పొర చిల్లిపడింది. మీరు కణం లోపలున్నారు.

వోల్టేజీని మైనస్ 120 మిల్లీవోల్టుల నుంచి మైనస్ 20కి ఎత్తండి. గీత ఒక్కసారిగా కిందికి పడింది. సోడియం లోపలికి దూసుకొచ్చింది. ఒక మిల్లీసెకను గడవకముందే వెనక్కి లేచింది. ఛానళ్లు మూతపడుతున్నాయి.

ఇప్పుడు గీత చివర చూడండి. పెద్దది చేయండి.

సున్నాకి రాలేదు.

వెంట్రుకవాసి కిందే ఆగిపోయింది. జబ్బు దొరికిందనుకుంటున్నారా? తొందరపడకండి. గాజు పట్టు సడలి కరెంటు కారినా గీత ఇలాగే ఉంటుంది. తేల్చేదొక్కటే, పక్కనున్న సీసా. టెట్రోడోటాక్సిన్. పఫర్ చేప విషం.

గ్లవ్స్ సరిచూసుకోండి. ఇది ఒంట్లోకి వెళ్తే ఊపిరి ఆగుతుంది. విరుగుడు లేదు. నరాల ఛానళ్లకైతే అతి కొద్దిగా చాలు. గుండె ఛానల్‌ను ఆపడానికి దానికి వందల రెట్లు కావాలి. అందుకే ఇక్కడ 30 మైక్రోమోలార్ వాడుతున్నారు.

వాల్వ్ తిప్పండి. నెమ్మదిగా. ప్రవాహం పెరిగితే కణం ఊడిపోతుంది.

కణం కదిలింది.

ఆపాలా? ఆపితే జవాబు లేదు. కొనసాగిస్తే కణమే పోవచ్చు.

వాల్వ్ సగానికి. ఊపిరి బిగబట్టండి. అంకె చూడండి. తగ్గింది. నిలిచింది. పట్టు ఉంది.

మళ్లీ వోల్టేజీ.

లోయ దాదాపు పోయింది. చివర? గీత సున్నా మీద ఉంది.

కారడమే అయితే విషానికి లొంగేది కాదు. ఆ మిగులు కరెంటు ఛానళ్లదే. రంధ్రాన్ని లోపలి నుంచి మూసే ముక్కలోనే ఆ మూడు అమైనో ఆమ్లాలు ఉండాలి. అవి లేక మూత నిలవడం లేదు. ఛానళ్లు మళ్లీ మళ్లీ తెరుచుకుంటున్నాయి. గుండె కణంలో ఈ కాస్త సోడియమే ప్రతి స్పందననూ సాగదీస్తుంది. ఈసీజీలో క్యూటీ వ్యవధి పెరుగుతుంది. ఈ రకం జబ్బున్నవాళ్లకు ప్రమాదం తరచుగా నిద్రలో, విశ్రాంతిలో వస్తుంది. కొందరికి డాక్టర్లు ఇచ్చే మెక్సిలెటిన్ అణిచేది ఈ మిగులునే.

కానీ ఒక్క కణం సాక్ష్యం చాలదు. పక్క పళ్లెంలో ఆ మూడూ ఉన్న ఛానళ్లు ఎదురుచూస్తున్నాయి. వాటిలోనూ మిగులు ఇంతే ఉంటే ఇప్పుడు చూసినదానికి అర్థం లేదు. కొత్త పిపెట్ తీయండి.