పక్క సీటు ఖాళీ: సాగర్ మీద తిరిగే సెస్నా 152 కథ

ఈ ఎపిసోడ్ చేయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. ఎందుకంటే మొదలు పెట్టాల్సింది ఒక యాక్సిడెంట్‌తో.

2022 ఫిబ్రవరి 26, శనివారం. ఆ వారం అందరం ఉక్రెయిన్ న్యూస్ చూస్తున్నాం. అంతలో మా గ్రూపుల్లో పొలంలో పడి ఉన్న ఒక చిన్న విమానం ఫోటో వచ్చింది. నల్గొండ జిల్లా పెద్దవూర మండలం, తుంగతుర్తి. (సూర్యాపేట వైపు ఉన్న తుంగతుర్తి కాదు, ఇది వేరే ఊరు.) నాగార్జున సాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన సెస్నా 152. లోపల ఒక్కరే ఉన్నారు, ట్రైనీ పైలట్. చిన్న వయసు అమ్మాయి. బతకలేదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు హాలియా దగ్గర. ఆ చిన్న విమానాలు పొలాల మీద తిరగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. అమ్మమ్మ వాటిని ఇప్పటికీ గాలిమోటరు అనే అంటది. ఆ రోజు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "పక్కన సారు లేడా బిడ్డా?"

గ్రూపుల్లో అయితే అందరిదీ ఒకటే మాట. "డొక్కు విమానాలు, ఎప్పటియో." నేను కూడా అప్పుడు అట్లనే అనుకున్న. తర్వాత ఆ విమానం గురించి చదువుతూ పోతే, నా ప్రశ్నే సగం తప్పు అని అర్థమైంది.

ముందు అమ్మమ్మ ప్రశ్న. ఈ విమానంలో సీట్లు రెండే, పక్కపక్కన. ఎడమ సీటు స్టూడెంట్‌ది, కుడి సీటు ఇన్‌స్ట్రక్టర్‌ది. కంట్రోల్స్ రెండు వైపులా ఉంటాయి. కేబిన్ ఎంత ఇరుకంటే భుజాలు తగులుతాయి. కానీ కుడి సీటు ఉన్నదే ఒక రోజు ఖాళీ కావడానికి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. అందులో కనీసం 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం స్టూడెంట్‌దే. ఒక్కరే ఎగరడం రూల్ తప్పడం కాదు, అసలు ట్రైనింగే అది. కాబట్టి డిజైన్ చేసేవాడి ముందు ఉన్న సవాలు ఒకటే. పక్కన ఎవరూ లేని కొత్త మనిషి చిన్న తప్పు చేస్తే ఈ మిషన్ ఎంత వరకు ఓర్చుకోగలదు?

1946లో సెస్నా కంపెనీ తెచ్చిన రెండు సీట్ల విమానం 140. దానికి మూడో చక్రం తోక కింద. నేల మీద కొంచెం అజాగ్రత్తగా ఉంటే గిర్రున తిరిగిపోయే రకం. 1957 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరిన 150లో ఆ చక్రాన్ని ముక్కు కిందికి తెచ్చారు. ల్యాండింగ్ ఒక్కసారిగా సులువైంది. రెక్కలు నెత్తి మీద ఉంటాయి కాబట్టి కింద నేల బాగా కనిపిస్తది. ట్యాంకులు రెక్కల్లోనే కాబట్టి పెట్రోలు తనంతట తానే ఇంజన్‌కు కారుతుంది, పంపు అక్కర్లేదు. పంపు లేదంటే పంపు చెడిపోవడం కూడా లేదు. నాకు ఈ డిజైన్‌లో బాగా నచ్చింది ఇదే. కోడ్ రాసేవాళ్ళకు తెలుసు, లేని లైన్‌లో బగ్ ఉండదు.

తర్వాత వెర్షన్లు. 150ఏ, బీ, సీ అంటూ ఎం దాకా, దాదాపు ఏడాదికి ఒకటి. అచ్చం రిలీజ్ నోట్స్ చదివినట్టే ఉంటది. 1961 ఏ మోడల్‌లో ప్రధాన చక్రాలను 2 అంగుళాలు వెనక్కి జరిపారు. 1964లో వెనక అద్దం పెట్టారు. 1966 ఎఫ్ మోడల్‌కు తోక వెనక్కి వంచారు, అది కొంచెం స్టైల్ కోసమే అనుకోండి. 1967లో మోచేతులకు చోటు కోసం తలుపులను బయటికి ఉబ్బించారు. ఫ్రాన్స్‌లో రీమ్స్ కంపెనీ కూడా తయారు చేసింది. 1970లో పల్టీలు నేర్పడానికి గట్టి చేసిన ఏరోబ్యాట్ వచ్చింది. 1977 దాకా అన్నీ కలిపి 24,000కు దగ్గర.

మరి 152 ఎందుకు? కారణం పెట్రోలు. 150లో ఉన్న 100 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్‌ను 80 ఆక్టేన్ పెట్రోలు కోసం చేశారు. మెల్లగా అది మార్కెట్లో దొరకడం తగ్గి, 100ఎల్ఎల్ అనే పెట్రోలు మిగిలింది. పేరులో "తక్కువ సీసం" అని ఉంటది కానీ, పాత 80 ఆక్టేన్‌తో పోలిస్తే ఇందులో సీసం దాదాపు నాలుగు రెట్లు! స్పార్క్ ప్లగ్‌లు మూసుకుపోయేవి. అందుకే 1977లో, కొత్త పెట్రోలు తట్టుకునే 110 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్‌తో 152 వచ్చింది. అప్పుడే ఇంకో మార్పు చేశారు. ల్యాండింగ్‌కు వేగం తగ్గించడానికి రెక్క వెనక కిందికి వంగే పలకలు ఉంటాయి కదా, ఫ్లాప్స్. 150లో అవి 40 డిగ్రీల దాకా వంగేవి. ఆఖరి నిమిషంలో దిగడం మానుకుని మళ్ళీ పైకి లేవాలంటే ఆ 40 డిగ్రీలు విమానాన్ని వెనక్కి లాగుతాయి. 152లో 30 దగ్గర ఆపేశారు. ఇది కూడా ఆ ఖాళీ సీటు కోసమే.

అలాగని అది బలమైన మిషన్ ఏం కాదు. నిండా లోడ్ చేస్తే 757 కిలోలు, మన ఖాళీ ఆల్టో కారు అంత. దాని సొంత బరువు, ఫుల్ ట్యాంకు తీసేస్తే ఇద్దరు మనుషులకు మిగిలేది సుమారు 190 కిలోలు. నల్గొండ, మహబూబ్‌నగర్ మే నెల ఎండల్లో గాలి పలచబడుతుంది, అప్పుడు అదే 110 హార్స్‌పవర్ పైకి లేవడానికి ఇంకా ఎక్కువ సేపు కష్టపడుతుంది.

ఇప్పుడు "డొక్కు" సంగతి. 152 తయారీ 1985లో ఆగిపోయింది. అంటే 2022లో ఎగురుతున్న ఏ 152 అయినా కనీసం 36 ఏళ్ల పైదే. కానీ విమానం వయసును సంవత్సరాలతో కాదు, ఎగిరిన గంటలతో లెక్కిస్తారు. గంటల లెక్కన తనిఖీలు చేస్తారు, ఇంజన్ విప్పి మళ్ళీ కడతారు. పాతది అన్నంత మాత్రాన చెడ్డది కాదు. అడగాల్సిన ప్రశ్న, దాని తర్వాత కొత్తది ఎందుకు రాలేదు?

జవాబు అమెరికా కోర్టుల్లో ఉంది. ఎప్పుడో అమ్మిన విమానం కూలినా కంపెనీ మీద కేసు వేయొచ్చు. ఇన్సూరెన్స్ ఖర్చులు పెరిగిపోయి, 1986లో సెస్నా చిన్న పిస్టన్ ఇంజన్ విమానాలన్నీ ఆపేసింది. 1994లో ఆ బాధ్యతను 18 ఏళ్లకు పరిమితం చేస్తూ చట్టం వచ్చింది. నాలుగు సీట్ల 172 మళ్ళీ మొదలైంది. 152 రాలేదు. తర్వాత చైనాలో తయారు చేయించిన రెండు సీట్ల 162 స్కైక్యాచర్ 200 కూడా అమ్ముడుపోక 2013లో ఆగిపోయింది.

మన దగ్గర కూడా ప్రయత్నం జరిగింది. హెచ్ఏఎల్ 1958లోనే పుష్పక్ అనే రెండు సీట్ల విమానం ఎగరేసింది, ఫ్లయింగ్ క్లబ్బుల్లో చాలామంది దాని మీదే నేర్చుకున్నారు. బెంగళూరు ఎన్ఏఎల్ చేసిన హంస 1993లో ఎగిరింది. లోహం కాదు కాంపోజిట్ బాడీ, రెక్కలు కింద, మంచి విమానం. కానీ తయారైనవి ఓ పదిహేను లోపే. దాని కొత్త రూపం హంస-ఎన్‌జీ, డిజిటల్ ఇంజన్, గ్లాస్ కాక్‌పిట్‌తో, మొదటిసారి ఎగిరింది 2021 సెప్టెంబర్ 3న. పెద్దవూర ప్రమాదానికి ఆరు నెలల ముందు. 2023లో డీజీసీఏ సర్టిఫికెట్ వచ్చింది.

అమ్మమ్మకు ఇదంతా ఫోన్‌లో చెప్పిన. 100 గంటల లెక్క కూడా చెప్పిన. అంతా విని, "అయితే పైన తిరిగేటప్పుడు లోపల ఒక్కరున్నరా ఇద్దరున్నరా మనకెట్ల తెలుస్తది?" అన్నది. కింద నుంచి తెలియదు అమ్మమ్మా అన్న. ఇప్పుడు చప్పుడు వినిపిస్తే చాలు, చెయ్యి అడ్డం పెట్టుకుని అది కనిపించకుండా పోయేదాకా చూస్తదట.