కంచెలు లేని ఊరు, దారి లేని తీరం

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సముద్రం పక్కగా ఉత్తరానికి సుమారు నూరు మైళ్ళు వెళ్తే, సొనోమా కౌంటీలో సీ రాంచ్ అనే ఊరు తగులుతుంది. పది మైళ్ళ పొడవున తీరం, దాని వెనక గడ్డిమైదానం, ఆ పైన కొండ అడవి. పూర్వం కషయా పోమో తెగవాళ్ళు ఇక్కడ సముద్రపు నాచు, నత్తలు ఏరుకుని బతికేవారు. తర్వాత కలప కొట్టేవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకే గొర్రెల మందలు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో గొర్రెల యజమానులు గాలిని ఆపడానికి సైప్రస్ చెట్లను బారులుగా నాటారు. మన కోస్తాలో సరుగుడు తోపులు చేసే పనే ఇక్కడ ఈ చెట్లు చేశాయి. ఊరి రూపం సగం ఆ చెట్లే నిర్ణయించాయి.

హవాయిలో అనాస వ్యాపారంతో పేరుపడిన కాజిల్ అండ్ కుక్ సంస్థ తన అనుబంధ కంపెనీ ద్వారా 1963లో సుమారు 5,000 ఎకరాల ఈ భూమిని కొంది. వెంటనే ప్లాట్లు గీసి అమ్మేసినా అడ్డుచెప్పేవాళ్ళు లేరు. అయినా ప్రణాళిక బాధ్యత చూసిన ఆల్ బోకీ, ముందుగా భూదృశ్య శిల్పి లారెన్స్ హాల్‌ప్రిన్‌ను రప్పించాడు. యవ్వనంలో పాలస్తీనాలోని ఒక కిబుట్జ్‌లో, అంటే ఉమ్మడి వ్యవసాయ పల్లెలో, గడిపిన మనిషి ఆయన. గాలి ఎటునుంచి కొడుతుంది, ఎండ ఎక్కడ నిలుస్తుంది, నీరు ఎటు పారుతుంది అన్నవి గమనించాకే గీత గీశాడు. ఇళ్ళను సముద్రం అంచున వరసగా పేర్చకుండా చెట్ల బారుల చాటున గుంపులుగా కట్టాలి, మధ్యలోని మైదానం అందరిదిగా ఉండాలి అన్నది ఆయన తేల్చిన సంగతి.

వాస్తుశిల్పులు ఛార్లెస్ మూర్, డాన్లిన్ లిండన్, విలియం టర్న్‌బుల్, రిచర్డ్ విటేకర్ కలిసి కట్టిన 'కాండోమినియం వన్' 1965లో పూర్తయింది. గట్టు మీద ముంగిలి చుట్టూ పది ఇళ్ళు, పాత పశువుల కొట్టాల వాలకంలో. జోసెఫ్ ఎషెరిక్ చెట్ల బారుల పక్కన కట్టిన ఇళ్ళ కప్పులు గాలివాటుకి ఏటవాలుగా వంగి ఉంటాయి. చూరు బయటికి పొడుచుకు రాదు, వస్తే గాలి పట్టుకుంటుంది. చెక్కకు రంగు వేయరు, ఎండకూ ఉప్పుగాలికీ అదే బూడిదరంగుకు తిరుగుతుంది. పెరటి కంచెలు లేవు. ఇవన్నీ అభిరుచులు కావు, కొనుగోలు పత్రాల్లో రాసుకున్న షరతులు. బార్బరా స్టాఫాకర్ సోలమన్ గీసిన పొట్టేలు కొమ్ముల గుర్తు ఊరికి ముద్రయింది.

ఇంత ఆలోచించినవాళ్ళు ఒక్క ప్రశ్న వదిలేశారు: ఈ తీరం ఎవరిది? కాలిఫోర్నియాలో ఆటుపోట్లు తడిపే నేల ప్రజలది. దాన్ని చేరుకునే దారి మాత్రం ఇక్కడ ప్రైవేటు భూమిలోంచే. కంపెనీ ఒక కొసన పార్కుకు స్థలం ఇచ్చి సరిపెట్టబోయింది. స్థానికులు ఊరుకోలేదు. తీరానికి దారి కోసం 1968లో జరిగిన కౌంటీ ఓటింగులో ఓడారు గాని, ఆ పోరే పెద్దదై, 1972లో రాష్ట్రమంతటా ప్రజల ఓటుతో నెగ్గిన 20వ ప్రతిపాదనకు దారితీసింది. తీర పరిరక్షణ కమిషన్ అలా పుట్టింది. కమిషన్ దారులు అడిగింది, ఇళ్ళు తగ్గించమంది, యజమానులు కోర్టుకెక్కారు. కట్టడాలు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. 1980లో శాసనసభ చేసిన ఒప్పందపు చట్టంతో తగువు తెగింది. తొలుత 5,200 ఇళ్ళ దాకా అనుకున్నది దాదాపు సగానికి పడిపోయింది.

ఆ తర్వాత కట్టినవాటిలో చాలావరకు మొదటి క్రమశిక్షణ లేదు. గుంపులు పోయి, విడివిడి ప్లాట్లలో పెద్ద పెద్ద ఇళ్ళు లేచాయి. పత్రాల్లోని షరతులు రంగును, కప్పును కాపాడాయి గాని, కలిసి ఉండాలన్న ఆలోచనను కాపాడలేకపోయాయి. నా దృష్టిలో హాల్‌ప్రిన్ కలలో ముందు చెడింది అదే. కాండోమినియం వన్ మాత్రం 2005లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.

నేటికీ ఆ తీరానికి సామాన్యులు వెళ్ళగలిగేది చట్టం ఇప్పించిన అయిదు దారుల్లోంచి, ఉత్తరాన గట్టు వెంబడి ఉన్న ఒక కాలిబాట మీదుగా మాత్రమే. తక్కిన బాటలన్నీ ఇళ్ళవాళ్ళకూ వాళ్ళ అతిథులకూ, ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళకే.