ఇల్లు ఇస్తామంటే, జాగా ఎక్కడ అని అడగాలి

పోయిన రమ్‌జాన్‌లో ఒకరోజు మా ఆపా ఇఫ్తార్‌కి పిలిచింది. ఆపా పేరు మీద సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లుంది. పట్నం చివర, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. హాలు, రెండు గదులు, వంటిల్లు, లిఫ్టు, అన్నీ ఉన్నాయి. కాని మేం రోజా విడిచింది ఆ ఇంట్లో కాదు. దానికి తాళం పడి ఏడాది దాటింది. ఆపావాళ్లు పాతబస్తీలో ఒక ఒంటిగది కిరాయికి తీసుకుని మళ్లీ ఇక్కడే ఉంటున్నారు. దస్తర్‌ఖాన్ పరిస్తే కాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

"అంత మంచి ఇల్లు పెట్టుకుని ఇదేంటి ఆపా" అన్నాను. ఖర్జూరం చేతిలో పెడుతూ, "అక్కడ ఇల్లుంది, రోజీ లేదు. ఇక్కడ రోజీ ఉంది, ఇల్లు లేదు. ఏం చెయ్యమంటవ్‌రా?" అంది.

దుల్హాభాయ్ లాడ్‌బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేస్తాడు. ఆపా ఇంట్లోనే మగ్గం మీద జర్దోజీ పని చేస్తుంది. అంత దూరం బట్ట పంపడానికి సేఠ్ ఒప్పుకోలేదు. దుల్హాభాయ్‌కి రాకపోకలకే రోజుకు నాలుగు గంటలు పోయేవి, జీతంలో ఒక భాగం ఛార్జీలకే పోయేది. ఏడు నెలలు చూసి తిరిగొచ్చేశారు.

ఆ రాత్రి నుంచి ఆపా మాట నన్ను వదల్లేదు. ఈ షహర్‌లో గరీబుకు ఇల్లు అనే మాట ఎప్పుడు పుట్టింది, ఎవరు అడిగారు, ఎవరికి దొరికింది అని తవారీఖ్ వెనక్కి తిప్పి చూశాను. కథ మూసీ దగ్గరే మొదలైంది.

1908 సెప్టెంబర్ 28. మూసీ తుగ్యానీ. మన పెద్దవాళ్లు ఆ ఏడాదిని గుర్తుపెట్టుకుని వయసులు లెక్కగట్టేవారు. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి కొట్టుకుపోయాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని లెక్క. వేలాది ఇళ్లు కూలిపోయాయి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజే తల్లినీ, భార్యనీ, బిడ్డనీ పోగొట్టుకుని తాను మాత్రం మిగిలాడు. ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హుకూమత్ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతోనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈ సంగతి బడి పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో తక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది. వరద తర్వాత 1911లో పట్నానికి ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు గల్లీల్లో గరీబులు ఎట్లా బతుకుతున్నారో అప్పుడు హుకూమత్ కళ్లకు కనబడింది. ఏడో నిజాం గద్దెనెక్కిన కొత్తలో, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. తర్వాత షహజాదా మొఅజ్జమ్ జా దానికి సదర్‌గా ఉన్నారు.

పత్తర్‌గట్టీ కమాన్లు, మొఅజ్జమ్ జాహీ మార్కెట్ ఆ బోర్డు కాలపు నిశానీలు. అవి అందరూ చూస్తారు, ఫోటోలు దిగుతారు. దాని మూడో పని ఎవరూ ఫోటో తీయరు. అది గరీబులకూ చిన్న నౌకరీల వాళ్లకూ తక్కువ కిరాయికి ఇళ్లు కట్టింది. మల్లేపల్లి, ఖైరతాబాద్, రెడ్‌హిల్స్ వైపు వెళ్లి "సీఐబీ క్వార్టర్స్" అని అడిగి చూడండి, ఇప్పటికీ దారి చెబుతారు. ఆ మూడక్షరాలకు అర్థం మాత్రం కొత్త పిల్లలకు తెలియదు.

బొంబాయిలో కూడా ప్లేగు తర్వాత 1898లో ఇట్లాంటి ట్రస్టే వచ్చింది. అది పడగొట్టినన్ని గదులు కట్టలేదని చెడ్డపేరు తెచ్చుకుంది. మన బోర్డు పడగొట్టలేదని నేననను. రోడ్ల కోసం, గల్లీలు వెడల్పు చేయడం కోసం అదీ పడగొట్టింది. షాహీ జమానాలో రయ్యత్‌కు కమిటీ లేదు, ఓటు లేదు, దయ ఉంటే దక్కింది. అయినా ఒక సంగతి చూడండి. మల్లేపల్లి నుంచి నాంపల్లికి మనిషి నడిచి పోగలడు. ఖైరతాబాద్ నుంచి దఫ్తర్‌లకు సైకిల్ మీద పోగలడు. అప్పటి ఇంజనీర్లు గరీబు ఇంటిని అతని పని నుంచి కోసేయలేదు.

1948 పోలీస్ యాక్షన్ తర్వాత జిల్లాల నుంచి జాన్ బచాయించుకుని ఎన్నో ఖాన్‌దాన్లు పట్నం చేరాయి. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీలను నమ్ముకున్న నౌకర్లు, దర్జీలు, బావర్చీలు రోడ్డున పడ్డారు. జనం వచ్చినంత జల్దీగా ఇళ్లు రాలేదు. నాలాల పక్కన, గుట్టల మీద, సర్కారీ జమీన్‌లో బస్తీలు లేచాయి. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పని ఆ తర్వాత హౌసింగ్ బోర్డు చేతికి పోయింది. అది కూకట్‌పల్లి లాంటి పెద్ద కాలనీలు కట్టింది. నెలనెలా జీతం ఉన్నవాళ్లు వాయిదాలు కట్టి ఇంటివాళ్లయ్యారు. రోజుకూలీకి వాయిదా ఎక్కడిది?

మా అబ్బా అట్లాంటి ఒక బస్తీలోనే దిగాడు. నల్గొండ జిల్లా నుంచి 1969లో వచ్చి ఒక లారీ వర్క్‌షాప్‌లో చేరాడు. నాలా గట్టున తడికెల గుడిసె. వానొస్తే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మసీదు వరండాకి పరుగు. మా అమ్మీ ఇది చెప్పినప్పుడల్లా నవ్వేది. ఎందుకు నవ్వేదో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే షహర్‌లో ఒక కొత్త పని నడుస్తోంది. 1967లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాని మనుషులు బస్తీకి వచ్చి, చాప మీద కూర్చుని, "మీకు ఏం కావాలి" అని అడిగేవాళ్లు. బస్తీ కమిటీలు, మహిళా మండళ్లు, బాల్‌వాడీలు, కుట్టు సెంటర్లు ఆ పనిలోంచి వచ్చినవే. తర్వాత యూనిసెఫ్ కూడా చేయి కలిపింది. 1970ల చివరికి అది ఇళ్ల దాకా వచ్చింది. ఉన్నచోటనే పట్టా, బ్యాంకు నుంచి చిన్న కర్జా, కార్పొరేషన్ వాళ్ల సలహా, కట్టుకోవడం మాత్రం ఎవరి ఇల్లు వాళ్లదే. హైదరాబాద్ చేసిన ఈ పనిని చూసి వేరే షహర్ల వాళ్లు నేర్చుకున్నారు. మనకే యాద్ లేదు.

మా బస్తీ కమిటీలో అబ్బా ఒకడు. పాలు పోసే యాదయ్య మామ, చాకలి లచ్చమ్మ పెద్దమ్మ మిగతావాళ్లు. అబ్బాకు తెలుగు, ఉర్దూ రెండూ రాయొచ్చు కాబట్టి అర్జీలన్నీ ఆయనే రాసేవాడు. ఒకసారి ఒక దఫ్తర్‌లో, "మీకు దూరంగా జాగా ఇస్తాం, ఖాళీ చేయండి" అన్నారట. లచ్చమ్మ పెద్దమ్మ, "బట్టలిచ్చే ఇండ్లు గూడ ఆడికే వస్తయా సారూ?" అని అడిగిందట. ఆ మాటనే అబ్బా మర్యాద భాషలోకి మార్చి అర్జీలో రాశాడు. ఎన్నేళ్లు తిరిగారో, ఎన్ని చెప్పులు అరిగాయో. ఆఖరికి పట్టా వచ్చింది. రెండు గదులు, రేకుల కప్పు. నేను పుట్టింది ఆ రేకుల కిందే.

1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో, ఓల్గా టెల్లిస్ కేసులో, సుప్రీంకోర్టు కూడా లచ్చమ్మ పెద్దమ్మ సవాల్‌నే పట్టించుకుంది. పని దగ్గర్లో ఉందనే మనిషి అక్కడ ఉంటాడు, జీవించే హక్కులో రోజీ హక్కు కూడా ఉందని చెప్పింది. కాని పద్ధతి ప్రకారం నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. రోజీని హక్ అని ఒప్పుకున్నా గుడిసె మాత్రం నిలవలేదు.

అబ్బా సాధించింది రెండు గదులు. కొడుకులం ముగ్గురం, ఆపా ఒకతి. రెండు గదుల్లో నాలుగు సంసారాలు పట్టవు. ప్రతి బస్తీలోనూ ఇదే లెక్క. ఖాన్‌దాన్లు పెరిగాయి, ఇళ్లు పెరగలేదు. బయట కిరాయికి వెతికితే పేరు అడిగి, "ఇప్పుడే ఇచ్చేశాం" అనే జవాబు మనలో ఎవరు వినలేదు? దాంతో మళ్లీ అదే నాలుగు గల్లీల మీద పడతాం. కిరాయి ఇంకా పెరుగుతుంది.

2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇచ్చినప్పుడు బస్తీ ఉన్నచోటే కట్టారు. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత 2023లో కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. అంత పెద్ద పని కట్టినందుకు షుక్రియా చెప్పాల్సిందే. కాని కొల్లూరు చార్మినార్‌కు సుమారు 30 కిలోమీటర్లు. ఇల్లు మారింది, రోజీ మారలేదు.

2024లో కథ మళ్లీ మూసీ ఒడ్డుకే వచ్చింది. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు కొన్ని కుటుంబాలు వెళ్లాయి. పాత బడి, పాత బజారు అక్కడికి దగ్గరే. ఆ దగ్గరితనమే ఆపాకి దొరకలేదు.

నది ఒడ్డున ఇల్లు ఖతరా అని నాకూ తెలుసు. 1908 చదివినవాడెవడూ కాదనడు. నేననేది వేరే. గోడ మీద ఎర్ర గుర్తు పడ్డాక చేసే ఫిర్యాద్‌కు తాకత్ తక్కువ. అబ్బావాళ్లు గుర్తు పడకముందే ఏళ్ల తరబడి అడిగారు. హిందువులూ ముసల్మాన్లూ ఒకే కాగితం మీద దస్తఖత్ చేసి అడిగారు. షహర్ లోపల సర్కారీ జమీన్ వేలానికి వచ్చిన ప్రతిసారీ, అందులో గరీబులకు ఎంత వాటా అని అడిగే హక్ మనకుంది. మనం శాదీఖానా అడుగుతాం, ఖబ్రస్తాన్‌కు గోడ అడుగుతాం. అవి జరూరే. బతికున్నవాళ్లకు పని దగ్గర ఇల్లు అడగడం మాత్రం మరిచిపోయాం.

మొన్న జుమా తర్వాత ఆపా మొహల్లాలో పదిహేను మందిమి కూర్చున్నాం. తాళాలు వేసుకుని తిరిగొచ్చినవాళ్లు అందులో ఆరుగురు. అర్జీ నేను రాస్తున్నాను. "మాకు ఇల్లు కావాలి" అని మొదలుపెట్టాను. ఆపా వంగి చూసి, "అట్ల కాదు, ముందు జాగా ఎక్కడనో రాయి" అంది. కొట్టేసి మళ్లీ రాశాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీ పట్టా ఎట్లా వచ్చిందో ఈ వారం అడగండి. ఎవరు అర్జీ రాశారు, ఎవరు తిరిగారు, పక్కన ఎవరు నిలబడ్డారు అని రాసిపెట్టుకోండి. మళ్లీ అడగాల్సిన రోజున అది పనికొస్తుంది. అల్లాహ్ అందరికీ నీడనివ్వాలి, రోజీకి దగ్గర్లో ఇవ్వాలి. ఆమీన్.