బొమ్మల వెలయు విలువయు

చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములును, రణరంగములును, సంధిపత్రములును మాత్రమే యని తలంచెడి కాలము గడచినది. ప్రజలు తినిన తిండి, కట్టిన బట్ట, నివసించిన యిల్లు – ఇవన్నియు నేడు చరిత్రకారుల పరిశీలనకు పాత్రములగుచున్నవి. అట్లయ్యును ఇంటి మూలను పడియుండు పిల్లల బొమ్మను చరిత్రసాధనముగా చూచువారు మనలో నేటికిని అరుదు. బొమ్మ విరిగినచో పారవేయుదుము. పిల్లవాడు పెద్దవాడైనచో దాని సంగతియే మరతుము. కాని గడచిన కొన్ని దశాబ్దములుగా పాశ్చాత్యదేశముల వేలముశాలలయందు పిల్లల పాతబొమ్మలు కొన్ని బంగారు నగలకంటెను అధికమైన వెలకు అమ్ముడుపోవుచున్నవి. ఈ వింత యెట్లు సంభవించినది? ఏ బొమ్మకు అట్టి గౌరవము దక్కినది? ఏ బొమ్మకు దక్కలేదు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై ముఖ్యముగా ఒక్క బొమ్మ చరిత్రమును చదువరుల ముందుంచుచున్నాము. అది యెలుగుబంటి బొమ్మ. లోకమంతయు దానిని టెడ్డీ యని పిలుచుచున్నది.

జర్మనీ దేశమున వుర్టెంబర్గు ప్రాంతమందు గీంగెన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1847వ సంవత్సరమున మార్గరెట్ స్టైఫ్ జన్మించెను. ఏడాదిన్నర ప్రాయమున పోలియో వ్యాధి సోకి ఆమె కాళ్ళు చచ్చుపడెను. కుడిచేయియు సరిగా స్వాధీనములో లేకపోయెను. ఆ కాలమున అట్టి యాడుబిడ్డను జూచి జనులు జాలిపడుదురే కాని, ఆమె వలన ఒక కార్యము కాగలదని తలంతురా? పెండ్లి కాదు, పనికి రాదు, జీవితాంతము ఒరుల కూటికి ఎదురుచూడవలసినదే యని తీర్మానింతురు. మార్గరెట్టు మాత్రము ఆ తీర్మానమునకు తలయొగ్గలేదు. చిన్నబండిలో కూర్చుండబెట్టి యితరులు లాగికొనిపోగా బడికి పోయి చదువుకొనెను. నొప్పిని ఓర్చుకొని కుట్టుపని నేర్చెను. స్వార్జితముతో కుట్టుయంత్రమును సంపాదించెను. 1877లో ఉన్నిని అదిమి చేయు ఫెల్టుగుడ్డతో దుస్తులు కుట్టి అమ్ము దుకాణమును స్థాపించెను.

బొమ్మల వ్యాపారము చేయవలెనని ఆమె యెన్నడును సంకల్పింపలేదు. ఒక పత్రికలోని నమూనాను జూచి, సూదులు గ్రుచ్చుకొనుటకై ఏనుగు ఆకారముగల చిన్న మెత్తను కుట్టి బంధుమిత్రులకు కానుకగా నిచ్చెను. పెద్దలకై చేసిన ఆ మెత్తను పిల్లలు ఎత్తుకొనిపోయి ఆటవస్తువుగా చేసికొనిరి. అదియే ఆమె కర్మాగారమునకు బీజము. 1880వ సంవత్సరమును ఆ సంస్థకు జన్మసంవత్సరముగా ఎన్నుచున్నారు. 1886 నాటికి అట్టి ఏనుగులు అయిదువేలకు పైగా అమ్ముడుపోయెను. ఇందొక విశేషమును గమనింపవలెను. ఏది బొమ్మ, ఏది కాదు అను విషయమున తీర్పు చెప్పినది వర్తకులు కారు, పెద్దలును కారు, పిల్లలు.

మార్గరెట్టు సోదరుని కుమారుడు రిచర్డు స్టైఫ్ చిత్రలేఖనమున నేర్పరి. స్టుట్గార్టు నగరములోని జంతుశాలకు పోయి ఎలుగుబంట్ల నడకను, కూర్కొను తీరును చూచి చిత్రించుచుండెడివాడు. 1902లో అతడు మోహేరు అను మేకబొచ్చు బట్టతో, కాళ్ళుచేతులు కీళ్ళయొద్ద తిరుగునట్లు, 55 సెంటీమీటర్ల యెత్తుగల యెలుగుబంటిని రూపొందించెను. 1903లో లైప్‌జిగు నగరమున జరిగిన బొమ్మల సంతకు దానిని కొనిపోగా మొదట ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. తుదకు అమెరికా వర్తకుడొకడు మూడువేల బొమ్మలు కావలెనని కోరెను. ఆ తొలి నమూనా బొమ్మ ఒక్కటియైనను నేడు మిగిలియున్నట్లు తెలియరాదు.

అమెరికా వర్తకుని ఉత్సాహమునకు తోడ్పడిన కారణమొకటి కలదు. 1902 నవంబరు మాసమున ఆ దేశాధ్యక్షుడగు థియొడోర్ రూజ్‌వెల్టు మిసిసిపి రాష్ట్రమున వేటకు పోయెను. ఆ వేటకు మార్గదర్శకుడు హోల్ట్ కోలియర్ అను నల్లజాతీయుడు. బానిసగా పుట్టి, స్వతంత్రుడై, వేటయందు మహాప్రసిద్ధి గాంచినవాడు. అతడొక యెలుగుబంటిని పట్టి చెట్టునకు కట్టివేసి అధ్యక్షుని పిలిపించెను. కట్టివేసిన మృగమును కాల్చుట వీరధర్మము కాదని రూజ్‌వెల్టు నిరాకరించెను. ఈ యుదంతమును నవంబరు 16వ తేదీ వాషింగ్టన్ పోస్టు పత్రికలో క్లిఫర్డ్ బెర్రిమన్ వ్యంగ్యచిత్రముగా ప్రకటింపగా దేశమంతయు ముచ్చటపడెను. బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణము పెట్టుకొనియున్న మోరిస్ మిక్టమ్ దంపతులు ఎలుగుబొమ్మను కుట్టి, అధ్యక్షుని ముద్దుపేరున టెడ్డీ యని అమ్మకమునకు పెట్టిరి. ఆ పేరు స్టైఫ్ వారి బొమ్మలకును సంక్రమించెను.

ఈ కథలో లోకము మరచిన భాగమును కూడ చెప్పుట న్యాయము. అధ్యక్షుడు కాల్చకపోయినను ఆ మృగము బ్రతుకలేదు. గాయపడియున్నందున దాని బాధ తీర్చుడని ఆయన ఆజ్ఞాపింపగా అనుచరులు కత్తితో చంపిరి. దానిని పట్టిన కోలియరు పేరును బొమ్మతో ఆడుకొనిన పిల్లలలో ఎందరు వినియుందురు? కీర్తి యొకరికి, శ్రమ మరియొకరికి దక్కుట బొమ్మల చరిత్రమునందును తప్పలేదు.

అటుపిమ్మట ఎలుగుబొమ్మ ప్రపంచమును జయించెను. 1907వ సంవత్సరమొక్కదానియందే గీంగెన్ కర్మాగారము 9,74,000 ఎలుగుబొమ్మలను తయారుచేసెను. అప్పటికి కర్మాగారములో సుమారు 400 మందియు, తమతమ యిండ్లయందే కుట్టువారు 1,800 మందియు ఆ పనిచే జీవించుచుండిరి. కాళ్ళు లేని స్త్రీ యొకతె ఒక పట్టణమునకే కాళ్ళైనది! ఆమె 1909లో మరణించెను.

అనుకరించువారు బయలుదేరగా, తమ సరకును గుర్తించుటకై స్టైఫ్ వారు 1904లో ప్రతి బొమ్మ చెవికిని ఒక లోహపు బొత్తామును బిగించుట ఆరంభించిరి. మొదట దానిపై ఏనుగు బొమ్మ యుండెడిది. తరువాత కొంతకాలము ఏమియు లేకుండెను. ఆ పిమ్మట సంస్థ పేరు చెక్కబడెను. తల్లులు కొందరు బిడ్డ నోట బెట్టుకొనునను భయముచే ఆ బొత్తామును ఊడబెరికియుందురు. మిగిలిన బొత్తామే నేడు ఆ బొమ్మ వయస్సును నిర్ణయించు శాసనమైనది. నాణెమును జూచి రాజును గుర్తించినట్లు, బొత్తామును జూచి బొమ్మ కాలమును గుర్తించుచున్నారు.

ఇక వెల సంగతి. ఎలుగుబొమ్మ పుట్టిన అరువదియేండ్లవరకు దానిని పెద్దలెవ్వరును అపురూపవస్తువుగా తలంపలేదు. 1969లో పీటర్ బుల్ అను ఆంగ్లనటుడు ఎలుగుబొమ్మలను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. పెద్దవారైన పిమ్మటను తమ బాల్యమిత్రమును దాచుకొనియున్నవారు లోకమున పెక్కండ్రు కలరని దానివలన తెలియవచ్చెను. క్రమముగా సేకరించువారు బయలుదేరిరి, వేలములు మొదలయ్యెను. 1994 డిశంబరు 5వ తేదీన లండను నగరమున క్రిస్టీస్ సంస్థవారి వేలములో దాల్చినచెక్క రంగుగల యొక స్టైఫ్ యెలుగుబొమ్మ 1,10,000 పౌనులకు అమ్ముడుపోయెను. జపానుదేశీయుడొకడు ఇజు ప్రాంతములోని బొమ్మల ప్రదర్శనశాలకై దానిని కొనెను. అంతవరకు ఏ యెలుగుబొమ్మకును అంత వెల పలుకలేదు.

ఆ బొమ్మ చరిత్రము వినదగినది. అది 1904 ప్రాంతమున చేయబడినది. బాబ్ హెండర్సన్ అను సైనికోద్యోగి శైశవమునుండి దానిని తన చెంతనే యుంచుకొనెను. అతని కుమార్తె చిన్ననాట ఆ బొమ్మకు గౌను తొడిగినది. అప్పటినుండి దానికి టెడ్డీ గర్ల్ అను పేరు స్థిరపడెను. హెండర్సన్ పెద్దవాడైన పిమ్మట కష్టములోనున్న పిల్లలకు ఎలుగుబొమ్మలను పంచిపెట్టు ధర్మసంస్థ కార్యములయందు పాల్గొనెను. 1990లో అతడు మరణించువరకు ఆ బొమ్మ అతనిని విడువలేదు. కావున వేలములో అమ్ముడుపోయినది బొచ్చుగుడ్డయు కొయ్యతురుమును కాదు. ఒక మనుష్యుని జీవితకాలపు స్నేహము.

చెక్కుచెదరని బొమ్మకే సామాన్యముగా ఎక్కువ వెల పలుకును గదా యని చదువరులు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని చెక్కుచెదరని బొమ్మలు అరుదగుటకు కారణమేమి? లక్షలకొలది బొమ్మలలో తక్కినవన్నియు ఏమాయెను? పిల్లలు వానిని కౌగిలించుకొని నిద్రించిరి, చెవులు పట్టి యీడ్చిరి, అన్నము తినిపించిరి, వానలో తడిపిరి. అవి ప్రేమచేతనే అరిగి నశించినవి. ఆ నాశనమే మిగిలినవానికి అరుదుదనమును కల్పించినది. పిల్లలు ఆడుకొనకయుండినచో నేడు సేకరించువారికి వెదకవలసిన పనియే లేదు. అనగా, వేలముశాలలోని వెలకు మూలము పిల్లల ఆటయే.

ఈ సత్యమునకు ప్రతికూలముగా నడచినవారి గతి యేమైనదో చూడుడు. 1993లో అమెరికాలో టై అను సంస్థ బీనీ బేబీస్ అను చిన్న మెత్తబొమ్మలను ప్రవేశపెట్టెను. ఒక్కొక్కటి ఇంచుమించు అయిదు డాలర్లు. సంస్థవారు అప్పుడప్పుడు ఒక్కొక్క రూపమును ఇక చేయబోమని ప్రకటించుచుండిరి. ఆ మాట వినగానే జనులు ఎగబడి కొనసాగిరి. పిల్లల చదువులకు, తమ వార్ధక్యమునకు ఈ బొమ్మలే పెట్టుబడియని నమ్మినవారు కలరు. బొమ్మకు తగిలించిన కాగితపు చీటీ నలుగకుండుటకై దానికి పారదర్శకమగు తొడుగులు వేసిరి. పిల్లలను వాని దరి చేరనీయరైరి. 1999లో లాస్ వేగాస్ నగర న్యాయస్థానమున విడాకులు పొందిన దంపతులు ఈ బొమ్మలను నేలపై కుప్పవోసికొని, చెరియొకటి చొప్పున ఏరుకొని పంచుకొనిరి! బొమ్మ ఇంటిని కలుపవలసినది. అచ్చట ఇల్లు విడిపోవుటకు సాక్షియైనది. ఆ యేడే ఆగస్టులో సంస్థవారు సంవత్సరాంతమున బొమ్మలన్నిటిని ఆపివేయుదుమని ప్రకటించి, పిమ్మట తిరిగి కొనసాగించిరి. వ్యామోహము చల్లారెను, వెలలు కూలెను. లక్షలమంది దాచియుంచిన వస్తువు అరుదెట్లగును? ఎవ్వరును దాచనిది అమూల్యమైనది. అందరును దాచినది చౌకయైనది.

బాల్యము నుండి బొమ్మను వేరుచేసి ధనముగా మార్చుట జూదమునకు మరియొక రూపమని మా యభిప్రాయము. పేకాటలో ఓడినవాడు తన సొమ్మును మాత్రమే పోగొట్టుకొనును. ఈ జూదములో పిల్లల ఆటయు పోవుచున్నది.

ఇక మన యిండ్ల సంగతిని గూర్చి రెండు మాటలు. సంక్రాంతికి, దసరాకు బొమ్మలకొలువు పెట్టుట తెలుగువారిలో పెక్కు కుటుంబముల ఆచారము. అమ్మమ్మనాటి బొమ్మలు పెట్టెలనుండి వెలువడి మెట్లపై కూర్చుండును. వెల కట్టకయే పాతబొమ్మలను తరతరములుగా కాపాడు పద్ధతి మనకు ఏనాడో కలదు. కాని ఆ బొమ్మను చేసినవారెవరని అడిగినచో చెప్పగల యిల్లెక్కడ? కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికి, రంగులు వేసి, దశావతారములను, అంబారీ యేనుగులను, కల్లుగీత కార్మికుని నిలబెట్టుచున్నారు. ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి లక్కరంగులు పూయుచున్నారు. ఈ రెండు ఊళ్ళ బొమ్మలకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఏటికొప్పాకకు అది 2017లో వచ్చినది. సంతసింపదగిన విషయమే. అయినను ఆ గుర్తింపు ఊరికి చెందినది; చేతికి చెందినది కాదు. గీంగెన్ బొమ్మ చెవిలో బొత్తామున్నది. మన బొమ్మ అడుగున పనివాని పేరు సామాన్యముగా కానరాదు. నూరేండ్ల పిమ్మట ఎవరైన దానిని చేత బట్టుకొని చూచినను, అది యెవరి నేర్పో, ఏనాటిదో తెలిసికొను దారి యుండదు. హోల్ట్ కోలియరునకు జరిగిన యన్యాయమే మన శిల్పులకును జరుగుచున్నది.

దీనికి ప్రతిక్రియ కష్టసాధ్యము కాదు. బొమ్మ కొనునప్పుడు బేరమాడుటకు పూర్వము చేసినవారి పేరడుగుడు. ఆ పేరును, సంవత్సరమును, ఏ బిడ్డకు ఇచ్చితిరో ఆ బిడ్డ పేరును చిన్న కాగితముపై వ్రాసి బొమ్మ అడుగున అతికింపుడు. అమ్మమ్మ జీవించియుండగనే కొలువుపెట్టెలోని బొమ్మల కథలను అడిగి వ్రాసికొనుడు. అంతకంటె ముఖ్యముగా, బొమ్మను బీరువాలో బెట్టి తాళము వేయక బిడ్డ చేతికిండు. అది విరుగవచ్చును, విరిగినను అది వచ్చిన పని నెరవేరినట్లే. ఒకవేళ విరుగక మిగిలినచో, దానితో కూడ ఒక బాల్యమును, ఒక పనివాని పేరును మన మనుమలకు అందును. అట్టి బొమ్మను వారు అమ్ముకొందురో, దాచుకొందురో వారి యిష్టము. దాని వెల యెంతైనను, విలువ యెట్టిదో వారెరుగుదురు.